మొదటి ముద్ద

బొగ్గు నిల్వల మీద కాపురముంటున్నా, నా ఒంట్లో ఇనుము నిల్వలు మాత్రం అడుగంటాయని రక్తపరీక్షలో తేలింది. ఆ కాగితంతో గోదావరిఖని బస్సెక్కిన నేను, కళ్లు తిరిగి పక్కనున్న ముసలమ్మ భుజం మీద వాలిపోయాను.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"మా ఆయన బొగ్గుబాయి నుంచి వచ్చినంకనే తింట అవ్వా."

"ఆయన బాయిల దిగితే నీ కడుపు గూడ దిగాల్నా?"

డ్యూటీకి పోయే మనిషి సద్దిని మా దగ్గర ఎవరూ ముందు ముట్టరు. అయినా ఆమె, డ్యూటీలో ఉన్న తన కొడుక్కి తీసుకెళ్తున్న టిఫిన్ విప్పి, తోటకూర అన్నం నా నోట్లో పెట్టింది.

"మిగిలింది వాడు తింటడు తియ్యి."

అప్పటినుంచి మా ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి నా భోజనం అయిపోతుంది. ఆ అవ్వ పేరు అడుగుదామనుకున్నాను కానీ, ఆమె దిగిపోయేదాకా నా నోరు ఖాళీగా లేదు.