కాఫీ గింజలకు వచ్చిన ఐస్ పెట్టె

కాఫీ గింజలు వేయించబోయి, నిక్షేపంలా బతికున్న మా అవ్వకు వీధంతా కలిసి చావు ఏర్పాట్లు చేసేలా చేసిన నా ఘనత ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. చేతిలో కాఫీ గ్లాసు ఉంటే పక్కన పెట్టేయండి. నవ్వి ఒంటి మీద ఒలకబోసుకుంటే నాకు సంబంధం లేదు. ఇప్పటికే నా మీద ఉన్న నిందలు చాలు.

అప్పుడు నేను కదిర్కామంలో నర్సింగు చదువుతున్నాను. అమ్మా నాన్నా కారైక్కాల్‌లో ఉంటే, నేను ముత్తియాల్‌పేటలో అమ్మమ్మ ఇంట్లో ఉండేదాన్ని. అమ్మమ్మను మేం అవ్వ అంటాం. నర్సింగులో చేరి ఏడాది కూడా కాలేదు, సూది గుచ్చమంటే నాకే కళ్లు తిరిగేవి, అయినా వీధికి మాత్రం నేను అప్పుడే నర్సమ్మని. జలుబు చేస్తే నన్నే అడిగేవాళ్లు, కుక్క కరిస్తే నన్నే అడిగేవాళ్లు, కుక్కకు జలుబు చేసినా నన్నే అడిగేవాళ్లు. కూరగాయలకు కూడా స్టెతస్కోపు మెడలో వేసుకుని పోయేదాన్నంటే నా వాలకం మీకు అర్థమయ్యే ఉంటుంది.

అవ్వకు లోకంలో శత్రువు ఒక్కరే, సొంత చెల్లెలు. ఏటికి అవతల అరియాంకుప్పంలో ఉంటుంది, మాకు చిన్నవ్వ. ఎప్పుడో బంధువుల ఇంట సీమంతంలో, అందరూ పంక్తిలో కూర్చుని ఉండగా, "మా అక్క పోసే కాపీ తాగితే కాపీ మీదే విరక్తి పుట్టి సన్నాసం తీసుకుంటారు" అందట ఈవిడ. అంతే! ఆస్తి కోసం విడిపోయిన అక్కచెల్లెళ్లను చూశాను, నగల కోసం విడిపోయినవాళ్లను చూశాను. డికాక్షన్ కోసం విడిపోయినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నేను బడికి పోయే రోజుల నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. కానీ అవ్వ రోజూ పొద్దున గ్లాసు ఎత్తగానే అరియాంకుప్పం దిక్కు తిరిగి ఒక మాట అనుకునేది.

"నా చెయ్యి మంచిదే. ఈ అంగడి పొడే మంచిది కాదు. మాయమ్మ మాదిరి గింజలు ఇంట్లో వేంచి పోసింటే, ఆ యమ్మి నోరు మూసుకొని తాగుండును."

రోజూ ఇది విని విని నాలో పౌరుషం పొంగింది. అవ్వ పరువు నిలబెట్టేదాన్ని నేనే అని తీర్మానించుకుని, ఫోనులో వీడియోలు చూసి, ఒక చిన్న రోస్టరు, సంచెడు పచ్చి కాఫీ గింజలు తెప్పించాను. కరెంటు పెడితే లోపల డ్రమ్ము గిరగిరా తిరుగుతుంది, గింజలు వేగుతాయి. ఇంతే కదా అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్తగా గింజలు వేయించేది పొగ కూడా ఎరగదు.

అవ్వ ఆ మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "ఏమ్మే హేమా, ఇది కాపీ వేంచేదా, గుడ్డలు ఉతికేదా?"

"కాపీ వేంచేదే అవ్వా. నువ్వు చూస్తా ఉండు, ఈ వాసన అరియాంకుప్పం దాకా పోతాది."

"పోతే సరే. పోలేదనుకో, ఈ మిషను పాత ఇనప సామాన్లోడికి పోతాది, నువ్వు కారైక్కాలుకు పోతావు."

మొదటిసారి తొందరపడి దించేశాను. గింజలు ఉడకబెట్టిన గడ్డి వాసన వేశాయి. రెండోసారి కసిగా వేయించాను. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ నమ్మకండి. మా ఇంట్లో అగ్గిపుల్ల కూడా గీయలేదు, పొగ మాత్రం వీధి చివర దాకా పోయింది. పక్కనే గ్రిల్లులు చేసే మురుగన్న రెండు బిందెల నీళ్లతో పరుగెత్తుకొచ్చాడు. "పాపా, ఇల్లు కాలతా ఉందా, లేక వంట చేస్తా ఉండావా?" అన్నాడు. ఆ తర్వాత వారం పాటు నేను వీధిలో అడుగు పెడితే చాలు, పిల్లలు కూడా దగ్గడం మొదలుపెట్టేవాళ్లు.

అప్పుడు మళ్లీ వీడియోలు చూస్తే అసలు రహస్యం తెలిసింది. గింజ సరిగ్గా వేగే వేళకు లోపలి ఆవిరికి చిటపటమని పగులుతుంది. ఆ చప్పుడు విని, ఇంకొంచెం ఆగి దించెయ్యాలి. ముందు దించితే పచ్చి, ఆలస్యమైతే బొగ్గు. అంతా చెవుల పని! కానీ ముత్తియాల్‌పేటలో గింజ పగిలితే వినబడుతుందా? ఎడమ పక్క మురుగన్న ఇనుము కోస్తుంటాడు, ఎదురుగా టైలరు కొట్టులో రేడియో మోగుతుంటుంది, మధ్యలో స్కూటర్ల హారన్లు. మనం తుమ్మితే మనకే వినబడని వీధి అది. సంచిలో చూస్తే ఇంకొక్కసారికి సరిపడా గింజలే మిగిలాయి. "ఇదే కడసారి" అని అవ్వ తేల్చి చెప్పింది.

సెలవు రోజు పొద్దున, స్టెతస్కోపు మెడలో వేసుకుని మురుగన్న దగ్గరికి పోయాను.

"అన్నా, కొంచేపు మిషను ఆపుతావా?"

"ఎందుకు పాపా?"

నిజం చెప్పి ఉండొచ్చు కదా అంటారు మీరు. ఎలా చెప్పను? మళ్లీ గింజలని అంటే వీధంతా బిందెలతో తయారవుతుంది. అందుకే నవ్వు రాకుండా మొహం గంభీరంగా పెట్టి, "అవ్వ కోసం అన్నా. చప్పుడుంటే నాకేమీ వినపడదు" అన్నాను.

మురుగన్న నా మొహం చూశాడు, స్టెతస్కోపు చూశాడు, చేతిలోది కింద పెట్టేశాడు. అతనే పోయి టైలరు చెవిలో ఏదో చెప్పాడు. రేడియో ఆగింది. ఇంకెవరో స్కూటర్లు రాకుండా వీధి మొదట్లో బల్ల అడ్డం పెట్టారు. పిల్లల్ని ఇళ్లలోకి తోలారు. ఎంత మంచి జనం, కాఫీ సంగతి తెలియకపోయినా ఎంత సహకరిస్తున్నారు అని నా గుండె నిండిపోయింది.

ఇప్పుడు లోపల ఏర్పాటు వినండి, కథంతా ఇక్కడే ఉంది. వీధి కిటికీ పక్కన అవ్వ మంచం. మంచానికీ గోడకూ మధ్య ఒక పొట్టి బల్ల, దాని మీద మిషను. పొగకు కళ్లు మండుతాయని అవ్వ ఒక తెల్ల తువ్వాలు తడిపి మొహం మీద కప్పుకుని, మెడ దాకా దుప్పటి లాక్కుని, చేతులు గుండెల మీద పెట్టుకుని చక్కగా వెల్లకిలా పడుకుంది, పడుకోగానే నిద్రపోయింది. అవ్వకు గురక అలవాటు లేదు. ఉండి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నేను మంచం అవతల వంగి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, రెండో కొసను మిషను కింది బల్లకు ఆనించి వింటున్నాను.

ఎదురింటి మల్లికత్త మా వీధికి సీసీ కెమెరా లాంటిది. వీధి ఉన్నట్టుండి ఎందుకు మూగబోయిందా అని వచ్చి మా కిటికీలోంచి తొంగి చూసింది. అక్కణ్నుంచి మిషను కనబడదు. కనబడిందల్లా నిటారుగా పడుకున్న అవ్వ, మొహాన తెల్లగుడ్డ, మీద వంగి ఉన్న నర్సు, పక్కనుంచి సాంబ్రాణిలా లేస్తున్న సన్నని పొగ. చిటపట ఇంకా రాలేదని నేను మాటిమాటికీ తల అడ్డంగా ఊపుతున్నాను. మీరే చెప్పండి, మల్లికత్త తప్పేముంది?

మల్లికత్త ఏడుపు నాకు వినబడలేదు, చెవుల్లో స్టెతస్కోపు ఉంది కదా. షామియానా గుంజలు పాతింది వినబడలేదు. కుర్చీలు దించింది వినబడలేదు. అరియాంకుప్పానికి ఫోను వెళ్లిందీ తెలియదు. కారైక్కాల్‌లో మా అమ్మకు మాత్రం లైను దొరకలేదట, ఆవిడ పూర్వజన్మ సుకృతం. నేనేమో, నిదానంగా వేయించాలని వీడియోలో చెప్పారని, వాళ్లకంటే నిదానంగా వేయిస్తున్నాను.

చివరికి వినబడింది. టప్! ఇంకొకటి, టప్! తర్వాత చిటపటా చిటపటా! ఆనందంతో నాకు ఒళ్లు తెలియలేదు. ఇక కాసేపు ఆగి దించడమే అనుకుంటుండగా అంతా ఆగిపోయింది. డ్రమ్ము తిరగడం లేదు. తల ఎత్తి చూస్తే ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య పెద్ద అద్దాల పెట్టె, ఒకతని చేతిలో నా మిషను వైరు.

చెవుల్లోంచి స్టెతస్కోపు పీకేసి, "అన్నా, దాన్నెందుకు పీకినావు?" అన్నాను.

"పెట్టెకి ప్లగ్గు కావాల పాపా. ఇంట్లో ఇదొక్కటే ఉండాది."

"ఏం పెట్టె?"

"ఐస్ పెట్టె. పీనుగను పెట్టేది."

చావు కబురు చల్లగా చెప్పమన్నారు పెద్దలు. మా ఇంట్లో కబురు రాకముందే చల్లదనం వచ్చేసింది.

"ఎవురికి?" అన్నాను. అతను జాలిగా చూసి మంచం వైపు చెయ్యి చూపించాడు. అతని వెనక గుమ్మం నిండా జనం. మురుగన్న, టైలరు, మల్లికత్త, దండలు పట్టుకున్నవాళ్లు, నేనెప్పుడూ చూడనివాళ్లు.

"అవ్వకేమీ కాలేదన్నా! ముందు ప్లగ్గు ఇయ్యి, నా గింజలు మాడిపోతా ఉండాయి!"

మల్లికత్త చీర చెంగు నోట్లో కుక్కుకుంది. "పావం, బిడ్డకి మతి చలించింది. గింజలంట, గింజలు!"

ఇక లాభం లేదని తువ్వాలు లాగబోయాను. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. "అక్కా! నన్ను ఇడిసి పోయినావా అక్కా!" అంటూ చిన్నవ్వ గొంతు. తువ్వాలు కింద అవ్వ కన్ను ఒకటి తెరుచుకుంది. దుప్పటి కిందినుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కదలగాకు," అని గుసగుసగా అంది అవ్వ. "ఆ యమ్మి ఏమి సెప్తాదో ఇందాం."

చిన్నవ్వ మంచం మీద పడి రాగం ఎత్తుకుంది.

"ఏరు దాటి వస్తినే అక్కా, ఎదురు రావేమే అక్కా! నీ చేతి కాపీ మాదిరి యాడ దొరుకుతాదే అక్కా!"

అవ్వ కాలి బొటనవేలు తాళం వేయడం నేను కళ్లారా చూశాను. నా అవస్థ చెప్పతరం కాదు. వేడెక్కిన డ్రమ్ములో గింజలు ఒకే పక్క మాడుతున్నాయి. ఎడమ చెయ్యి అవ్వ పట్టులో ఉంది. కుడి చేత్తో మిషనును ఉయ్యాల ఊపినట్టు ఊపుతున్నాను. పొగకు కళ్లలోంచి ధారలు కారుతున్నాయి. "సొంత బిడ్డ కూడా ఇంత ఏడవదు" అని ఎవరో మెచ్చుకున్నారు.

చిన్నవ్వ గుండెలు బాదుకుంటూ అసలు సంగతికి వచ్చింది. "అబద్ధం సెప్తినే అక్కా! ఆ సీమంతంలో నీ కాపీ రెండు గ్లాసులు తాగి మూడోది అడిగితే, అయిపోయిందంటివే! ఆ కోపానికి అంటినే, నోరు జారితినే!"

అవ్వ తువ్వాలు విసిరికొట్టి లేచి కూర్చుంది. "ఆ మాట ఆ పొద్దే సెప్పుంటే ఇంకో గ్లాసు కలిపి ఇచ్చుందును గదే!"

ఆ తర్వాత జరిగినదాన్ని పరుగు అనడానికి లేదు. గుమ్మంలో పది మంది ఒకేసారి ఇరుక్కున్నారు. మల్లికత్త మారియమ్మ మొదలుకుని చర్చిలో మాత దాకా అందరినీ పిలిచింది. ఐస్ పెట్టె తెచ్చిన ఇద్దరిలో ఒకతను తన పెట్టెలోనే దూరబోయాడు. కదలంది చిన్నవ్వ ఒక్కతే. కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, అక్కను కింది నుంచి పైదాకా చూసింది.

"నేను ఏడిసిందంతా ఇంటా పండుకోనుంటివా? సచ్చినా నీ బుద్ధి మారదే అక్కా."

"మారదు. ఆకరి మాట సరిగ్గా ఇనపడలే, ఇంకోతూరి సెప్పు."

ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే పట్టుకుని ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. ఈసారి పొగ వల్ల కాదు. అన్నేళ్ల తర్వాత వాళ్లిద్దరూ ఒకే మంచం మీద కూర్చోవడం చూసిన సంతోషం వల్ల.

"సీక్రం కాపీ కలుపు హేమా!" అని ఆజ్ఞ అయింది. పారిపోయినవాళ్లంతా ఒక్కొక్కరే తిరిగొచ్చి, అవ్వ చావుకు తెచ్చిన కుర్చీల్లో తామే కూర్చున్నారు. నేను డ్రమ్ము తెరిచాను. సగం బొగ్గు, సగం పచ్చి. చేసేదేముంది, కలిపి పొడి కొట్టి ఫిల్టరులో వేసి వేడినీళ్లు పోశాను. అప్పుడే వేగిన పొడి కదా, బుసబుసా పొంగి మూతను తోసుకుని వంటగట్టంతా పారింది. మిగిలిన దాంట్లో పాలు పోసి, మొదటి గ్లాసు చిన్నవ్వ చేతికిచ్చాను.

ఒక గుక్క తాగింది. మొహం ఆముదం తాగిన పసిపిల్లలా అయింది. అవ్వ రెప్ప వేయకుండా చూస్తోంది. వీధంతా చూస్తోంది. అక్క కాఫీని ఇప్పుడే ఇంత రాగం తీసి పొగిడిన మనిషి ఇక ఏమనగలదు?

"ఎట్లుండాది?" అంది అవ్వ.

చిన్నవ్వ కష్టం మీద మింగింది. "అమృతం."

"అట్లయితే ఇంకో గ్లాసు పొయ్యి హేమా. మూడోదీ పొయ్యి. ఆ పొద్దు దొరకలేదంట, పావం."

"నీకొద్దా అక్కా?"

"నాకెందుకు? ఇప్పుడే గదా సచ్చి బతికినాను, మళ్లా యాడికి పోయేది?"

సాయంత్రం బ్యానరు అంగడి అతను అవ్వ ఫోటోతో, చుట్టూ గులాబీలతో కన్నీటి అంజలి ఫ్లెక్సు తెచ్చాడు. వెనక్కి తీసుకోనన్నాడు. అవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసి "ఫోటో బాగుండాది" అని దాచుకుంది. ఆ ఎండాకాలం మిద్దె మీద అదే పరిచి, అక్కచెల్లెళ్లిద్దరూ దాని మీద వడియాలు పెట్టారు. ఇప్పటికీ చిన్నవ్వ దేనికైనా ఎదురు చెబితే, "అయితే మళ్లా సచ్చేదా?" అని అడుగుతుంది అవ్వ. చిన్నవ్వ వెంటనే దారికొస్తుంది.

ఇక నా సంగతి. ముత్తియాల్‌పేటలోని సకల ఇనప మిషన్ల సాక్షిగా, టైలరు రేడియో సాక్షిగా, నేను బతికున్నంత కాలం ఏ గింజ కోసమూ, ఏ కారణం చేతనూ, ఏ ఒక్కరినీ నోరు మూసుకోమని అడగనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఏంటా నవ్వు? ఇక్కడ మనిషి ప్రమాణం చేస్తోంది, కాసేపు నిశ్శబ్దంగా ఉండండి!