పంచి పెట్టని పుస్తకం

కుప్పంలో మా అక్క ఇంట్లో టీవీ కింద అద్దాల షోకేసు ఒకటి ఉంది. అందులో గాజు బొమ్మలు, ఆగిపోయిన గడియారం, ఒక పద్యాల పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకం రాసింది మా తెలుగు సారు. బడిలో నాకు పాఠం చెప్పి, రిటైరయ్యాక పుంగనూరులో స్థిరపడ్డారు. అక్క కూతురి పెళ్లికి వచ్చినప్పుడు సంతకం పెట్టి, వధూవరుల చేతికి ఇచ్చారు. ఒకసారి అక్క వంటింట్లో ఉండగా దాన్ని బయటికి తీశాను. సంతకం ఉన్న పేజీ తప్ప తక్కినవన్నీ అంచుల దగ్గర ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. తిప్పుతుంటే చిటపటమన్నాయి. అప్పటికి ఆ పెళ్లికూతురి బిడ్డ బడికి పోతోంది.

నేను మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో బిల్లులు రాస్తాను. బడి తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మండీలోనే, వేళ్ల మీద, నాకు నేనే నేర్చుకున్నాను. ఏదైనా ఒకటి కళ్లపడితే అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో చూడకుండా ఉండలేను. అందుకని ఆ తర్వాత ఎవరింట్లో సారు పుస్తకం కనపడినా చేతిలోకి తీసుకుని అంచులు చూడడం అలవాటైంది. చౌడేపల్లెలో చూశాను, అంగళ్లు ఊళ్లో చూశాను, కురబలకోటలో మా మేనమామ ఇంట్లో చూశాను. మొత్తం పదకొండు ఇళ్లు. ఒక్కచోట మాత్రం పేజీలు విడివిడిగా ఉన్నాయి. ఆ ఇంటావిడ ఖాళీ జాగాల్లో పాల లెక్క రాసుకుంది.

మా వైపు పుస్తకం ఎవరూ కొనరు. రాసినవాళ్లే అచ్చు వేయించుకుంటారు, సభ పెట్టుకుంటారు, వచ్చినవాళ్లందరికీ తలా ఒకటి ఇస్తారు. అడక్కుండా ఇస్తే గౌరవం, అడిగించుకుంటే బిగువు. సారు వెయ్యి కాపీలు వేయించి ఏళ్ల తరబడి ఇలాగే ఇచ్చారు. ఇంకా కొన్ని కట్టలు ఆయన మంచం కిందే ఉన్నాయి. వానాకాలంలో వాటిని ఎండకు వేస్తారు.

మండీకి వచ్చే మనుషుల గురించి నేను రాసిన కాగితాలను మొదట చదివింది ఆయనే. రాత్రంతా క్రేట్ల మీద పడుకుని తెల్లవారి వేలంలో నోరెత్తని రైతులు, బేరం కుదరక సరుకు తిరిగి బండికి ఎత్తే ఆడవాళ్లు, ఇలాంటివి. చదివి, ఇది పుస్తకమమ్మా అన్నారు. ఆ మాట ఆయన అనకపోతే ఆ కాగితాలు పాత బిల్లులతో పాటు పోయేవి. ఆయనకు ఎదురు చెప్పాల్సి వస్తుందని ఆ రోజు నాకు తెలియదు.

అచ్చు సంగతి విచారించడం మొదలుపెట్టాను. ఎక్కడో పెద్ద ఊరి నుంచి ఒకాయన ఫోన్ చేసి, మూడు రకాల ప్యాకేజీలు ఉన్నాయని, బంగారు ప్యాకేజీ తీసుకుంటే అన్నీ వాళ్లే చేస్తారని చెప్పాడు. ఎన్ని కాపీలు వేస్తారు, ఏ అంగట్లో పెడతారు, అమ్ముడుపోతే నాకెలా తెలుస్తుంది అని అడిగాను. "అదంతా మా టీం చూసుకుంటుంది మేడం" అన్నాడు. బిల్లులో అలాంటి మాట ఎక్కడ వస్తే అక్కడ రెండోసారి కూడడం నాకు అలవాటు. పుస్తకం వెనక అట్ట మీద వేసే ఐఎస్‌బీఎన్ నంబరుకు కూడా రేటు చెప్పాడు. అది దరఖాస్తు చేసుకుంటే ఊరికే ఇస్తారని తర్వాత తెలిసింది. నేనే తెచ్చుకున్నాను.

ఊళ్లోని ప్రెస్సువాళ్లు అయిదు వందల కాపీలకు తగ్గితే వేయం అన్నారు. ఎక్కువ వేయించేకొద్దీ ఒక్కోదానికి పడే ఖర్చు తగ్గుతుందన్నారు. అది నిజమే. కానీ మంచం కిందికి పోయే కాపీల ఖర్చు ఆ లెక్కలో ఎవరూ వేయరు. అడిగేవాళ్లు లేనప్పుడు టమోటాలు కోయరు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఈ సంగతి అందరూ మరిచిపోతారు.

దారి చూపించింది నా కాగితాలు టైపు చేసిన డీటీపీ షాపు అతను. మదనపల్లెలో పెళ్లి కార్డులు వేస్తాడు. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు.

"అక్కా, ఆర్డరు వస్తేనే కొట్టే కంపెనీలు ఉండాయి ఇప్పుడు. ఒక్కటి అడిగితే ఒక్కటే కొట్టి పంపిస్తారు. మనం ఫైలు ఎక్కిస్తే సాలు" అన్నాడు.

ఆ రాత్రి ఒక కాగితం మధ్యలో గీత గీసి రాసుకున్నాను. ఒక పక్క: ఒక్కో పుస్తకానికి ఖర్చు ఎక్కువ, తప్పులు మనమే దిద్దుకోవాలి, అట్ట మనమే చేయించుకోవాలి, ఏ అంగట్లోనూ కనపడదు. రెండో పక్క ఒకటే వచ్చింది: అడిగిన మనిషి ఉంటేనే పుస్తకం పుడుతుంది. నాకు అది చాలనిపించింది. ధర నూట ఎనభై పెట్టాను. సరిచూసుకోవడానికి ఒక కాపీ తెప్పించాను.

సారుకు ఆ కాపీ చూపించడానికి పుంగనూరు వెళ్లాను. ఆయన అప్పటికే నా పుస్తకం ఆవిష్కరణ సభకు అక్కడే హాలు మాట్లాడేశారు. శాలువాలు కూడా తెచ్చేశారు.

"బాగుండాదమ్మా. సభకు నూరు కాపీలు తీస్కరా" అన్నారు.

"నూరు లేవు సార్. ఇదొక్కటే."

"మిగతావి యాడ?"

"ఇంకా అచ్చు కాలేదు. కావాలన్నోళ్లు డబ్బు కడితే వాళ్లకి అచ్చయి ఇంటికి వస్తాది."

ఆయన పుస్తకాన్ని నా వైపు జరిపారు. "వచ్చినోళ్ల చేతిలో ఏం పెడతావు మరి?"

"ఏమీ పెట్టను సార్. ఊరికే ఎవురికీ ఇయ్యను."

"నేను ఇచ్చినాను గదమ్మా. నాది పుస్తకం గాదా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. పదకొండు ఇళ్ల జవాబు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. మంచం కింద కట్టల మీద కప్పిన పాత దుప్పటి కనపడుతోంది.

"మీదీ పుస్తకమే సార్. అందుకే చెప్తాండా" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదో, అయిందో. సభ మాత్రం ఆపలేదు. మాట ఇచ్చిన తర్వాత వెనక్కి తీసుకునే మనిషి కాదు.

సభ రోజు డీటీపీ అతన్ని వెంట రమ్మన్నాను. బస్సులో దారి పొడుగునా నసుగుతూనే ఉన్నాడు. "పుస్తకాలు లేకుండా పుస్తకం ఫంక్షన్ ఏందక్కా? పెండ్లికూతురు లేకుండా తాళి కట్టించినట్టు ఉండాది."

"పెండ్లే అనుకో. పెండ్లిలో మొయ్యి రాస్తారు గదా, నువ్వు ఆ పని చెయ్యి" అన్నాను.

మా వైపు పెళ్లిళ్లలో భోజనాల హాలు పక్కన ఒక బల్ల వేస్తారు. వచ్చినవాళ్లు డబ్బు చదివించి పేరు రాయించుకుంటారు. ఫలానా ఊరు, ఫలానావారు, ఇంత అని మైకులో చెబుతారు. దాన్నే మొయ్యి అంటారు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే మనం తిరిగి చదివించాలి. అతను వందల పెళ్లిళ్లకు కార్డులు వేసినవాడు. చెప్పగానే పట్టుకున్నాడు.

హాల్లో జనం బాగానే వచ్చారు. ముఖ్య అతిథి రంగు కాగితం విప్పి, ఉన్న ఒక్క పుస్తకాన్ని పైకెత్తి చూపించారు. చప్పట్లు కొట్టారు. తర్వాత అందరి కళ్లూ బల్ల మీద కట్ట కోసం వెతికాయి. నేను లేచి మైకు తీసుకున్నాను.

"పుస్తకాలు తేలేదు. ఊరికే ఇచ్చేది లేదు. కావాలనుకున్నోళ్లు ఆ బల్ల దగ్గర నూట ఎనభై కట్టి పేరు, అడ్రసు రాయించండి. మీ పేరు మీద అచ్చయి మీ ఇంటికే వస్తాది. వద్దనుకున్నోళ్లు కాఫీ తాగి పోవచ్చు."

వెనక వరసలో ఒక పెద్దాయన గట్టిగానే అన్నాడు: "పుస్తకానికి మొయ్యి యాడైనా ఉందాప్పా? మళ్లీ మనింట్లో పుస్తకం అయితే ఈమె తిరిగి సదివిస్తాదా?"

నవ్వారు. కొందరు లేచి వెళ్లిపోయారు. నేను కూర్చోలేదు. నవ్వు తగ్గేదాకా మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ముందు వరసలోంచి మా అక్క లేచి వచ్చింది. కుప్పం నుంచి పట్టుచీర కట్టుకుని వచ్చింది పాపం. నా చెవి దగ్గర, "నాకు గూడానా?" అంది.

"నీకు గూడా."

"సొంత అక్కకు?"

"సొంత అక్కే కొనకపోతే ఇంకెవురు కొంటారు?"

నన్ను ఎగాదిగా చూసి, మూతి తిప్పుకుని, బల్ల దగ్గరికి నడిచింది. డీటీపీ అతను పెళ్లి గొంతు తీశాడు: "కుప్పం, రచయిత్రి గారి పెద్దక్క గారు, రెండు పుస్తకాలు."

మైకులో ఊరు పేరు వినపడగానే హాలు మారింది. పలమనేరు నుంచి వచ్చిన మా చిన్నాన్న కూతురు కుప్పానికి తగ్గేదేముందని లేచింది. ఆమె వెనక ఇంకొకరు. మా మండీ యజమాని ఒకటి చాలనుకుని వచ్చి, రెండు వినపడ్డాక మూడు రాయించాడు. ఫోన్లు తీసి స్కాన్ చేసేవాళ్లు చేశారు. కాఫీ అయిపోయేసరికి ఇరవై ఆరు. సారు అడిగిన నూరు కాపీల ముందు ఇది చిన్న సంఖ్యే. కానీ ఈ ఇరవై ఆరింటికీ అడిగిన మనిషి ఉన్నాడు.

తల తిప్పి చూస్తే సారు కుర్చీ ఖాళీగా ఉంది. తనకు కప్పిన శాలువా మడత పెట్టి కుర్చీలోనే వదిలేసి వెళ్లిపోయారు.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నేను ఆయనకొక కాపీ పంపించి ఉండొచ్చు. చాలామంది ఆ మాటే అన్నారు, గురువు దగ్గర పంతమా అని. పంపిస్తే అదీ ఒక షోకేసులోకే పోతుందని నాకు భయం. అక్క ఇంట్లోదైనా, ఆయన ఇంట్లోదైనా షోకేసు షోకేసే. పంపలేదు.

పుస్తకాలు ఒక్కొక్కటే అడ్రసులకు చేరాయి. నెల దాటింది. ఒకరోజు వేలం అయిపోయి నేను బిల్లులు సర్దుకుంటుండగా సారు మండీ మెట్లెక్కి వచ్చారు. చేతిలో గుడ్డ సంచి. కూర్చోమంటే క్రేటు మీద కూర్చున్నారు.

"ముప్పై అయిదు క్రేట్లు. క్రేటుకు ముప్పై కిలోలు. ఎంతమ్మా?"

"వెయ్యిన్ని యాభై సార్."

సంచిలోంచి నా పుస్తకం తీసి, పేజీ తెరిచి బిల్లుల మీద పెట్టారు. అందులో వెయ్యిన్ని నూట యాభై అని ఉంది. పక్కన పెన్సిలుతో చిన్న గీత. అట్ట మూలలు మెత్తబడి ఉన్నాయి. ముందుకీ వెనక్కీ తిప్పాను. ప్రతి రెండు మూడు పేజీలకూ ఏదో ఒక గీత ఉంది. పేజీలు ఎక్కడా అంటుకుని లేవు.

"ఇది మీకెట్ల వచ్చింది సార్?"

"మీ అక్క. రెండోది నాకే తీసుకుందంట. ఊరికే ఇచ్చిందనుకునేవు, ఎరువుకిచ్చింది. సదివి తిరిగి పంపించమంది. వారానికి ఒకసారి ఫోన్ చేసి అడగతాంది."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "ఫైలులో దిద్దిస్తాను సార్. ఇంక మీద అడిగినోళ్లకు వెయ్యిన్ని యాభై అనే వస్తాది. వెయ్యి కాపీలు ఒక్కసారే వేసుంటే ఈ తప్పు వెయ్యి ఇండ్లలో ఉండేది."

"తప్పు సూపించినందుకు నాకొక కాపీ ఊరికే ఇస్తావా?"

"ఇయ్యను సార్."

ఆయన తలాడించారు. మళ్లీ సంచిలో చెయ్యి పెట్టి తన పద్యాల పుస్తకం తీశారు. కట్టలోంచి తెచ్చిన కొత్తది.

"నీకు పదైదేండ్ల కిందట ఇచ్చినాను ఇది. ఉండాదా?"

"ఉండాది సార్."

"సదివినావా?"

"రెండుసార్లు."

"అయితే డబ్బులియ్యి" అని అట్ట వెనక్కి తిప్పి వేలితో చూపించారు. "ధర ఈడ ఉండాది."

నలభై రూపాయలు. గల్లాపెట్టె ముట్టుకోలేదు, అది యజమానిది. నా పర్సు తీసి రెండు ఇరవై నోట్లు ఇచ్చాను. సారు ఒక్కొక్క నోటూ వెలుతురుకు ఎత్తి, మండీలో కొత్త బేరగాడి డబ్బు చూసినట్టు రెండు వైపులా చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. తెచ్చిన కాపీని మళ్లీ సంచిలోనే వేసుకుని, బస్సుకు టైమైందని లేచారు.