మొదటి భోజనం మా ఇంట్లోనే

మా ఊళ్లో ఏ సభకు ఎవరు వచ్చినా వారి మొదటి భోజనం మా ఇంట్లోనే జరగాలి. ఇది మా తాతగారి కాలం నుంచి వస్తున్న హక్కు. పొలాలు పోయాయి, రైసుమిల్లు పోయింది, ఇంటి వెనక భాగం ఎరువుల కొట్టుకు గోడౌన్ అయింది. వీధి వసారా, రెండు గదులు, ఈ భోజనం హక్కు మాత్రం మాకు మిగిలాయి. సభ ముగిసేటప్పుడు వందన సమర్పణ చేసే మనిషి "అతిథులకు భోజన సౌకర్యం కల్పించిన" అని మా ఇంటిపేరు మైకులో చదువుతాడు. ఆ ఒక్క వాక్యం కోసం నేను ఎన్నో ఉపన్యాసాలు ఓర్చుకున్నాను.

ఒక శ్రావణమాసంలో గ్రంథాలయం వాళ్లు "దేవుడున్నాడా, లేడా?" అని చర్చ పెట్టారు. లేడని వాదించడానికి రాజమండ్రి నుంచి రిటైరైన ఫిజిక్సు లెక్చరరు గారు, ఉన్నాడని వాదించడానికి పెనుగొండ నుంచి ఒక పురాణ ప్రవచనకారుడు వస్తున్నారు. అధ్యక్షత నాది. దేవుడి సంగతిలో నాకు గట్టి అభిప్రాయం ఏదీ లేదు. గుళ్లో మొదటి తీర్థం మా ఇంటికి ఇచ్చినన్నాళ్లూ ఉన్నాడనే అనుకున్నాం. ఆ మర్యాద రొయ్యల చెరువుల బావగారికి మారిపోయాక నేను ఆ విషయం ఆలోచించడం మానేశాను.

ఈయన నాకు వరసకి బావ. ఆ రోజు వందన సమర్పణ ఆయనదే. తీర్థంతో తృప్తి పడక భోజనం కూడా తన ఇంటికి మార్చుకోవాలని ముందురోజు మా వసారాలోకి వచ్చి కూర్చున్నారు.

"చెల్లెమ్మ ఒక్కత్తీ ఏం వండుద్దండీ బావగారూ? మా ఇంట్లో డైనింగ్ హాలుకి ఏసీ కూడా పెట్టించాను."

"చెమట పట్టకుండా తిన్నారంటే వంట బాగోలేదని అర్థం బావగారూ."

"పోనీ, ఆళ్లేం తింటారో కనుక్కున్నారా?"

"మా ఇంట్లో అతిథిని ఏం తింటారని అడగం. అలా అడిగామంటే పెట్టడానికి వెనకాడుతున్నట్టే."

ఆయన నవ్వి లేచి వెళ్లిపోయారు. అది ఓడిన మనిషి నవ్వు అనుకున్నాను.

మర్నాడు మా ఆవిడ తెల్లవారకముందే పొయ్యి వెలిగించింది. పులిహోర, ఆవపెట్టిన కందబచ్చలి కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, పూర్ణం బూరెలు. మాకు కారు లేదు కనుక అతిథులను బావగారి కారే మా గుమ్మం ముందు దింపింది. దింపిన కారు వెళ్లలేదు. బావగారూ వెళ్లలేదు. "తోడుగా ఉంటానండి" అని వసారాలో కుర్చీ లాక్కున్నారు.

అరిటాకులు వేశాం. అతిథులు కూర్చున్నారు. మా ఆవిడ అన్నం గిన్నె తీసుకురాగానే ప్రవచనకారుడు చెయ్యి అడ్డం పెట్టారు.

"అమ్మా, ఇవాళ ఏకాదశి కదండీ. నేను అన్నం ముట్టను."

లెక్చరరు గారు బూరెల పళ్లెం చూసి వెనక్కి జరిగారు. "నాకు షుగరండి. ఈ బూరెల్ని చూస్తేనే పెరిగేలా ఉంది. రెండు పుల్కాలు పడేయండి, చాలు."

వసారాలోంచి దగ్గు వినిపించింది. "మా ఇంట్లో ఇద్దరికీ వేరువేరుగా చేయించానండి. అయ్యగారికి పళ్లు, గోధుమరవ్వ ఉప్మా. మాస్టారికి పుల్కాలు, పులస చేప పులుసు. కారు స్టార్టు చేసే ఉంచానండి."

పులస అనగానే లెక్చరరు గారి ముఖంలో శాస్త్రీయ దృక్పథం కొంచెం చలించింది. ఆయన మోకాలు లేవడం నేను చూశాను. ఆ మోకాలితో పాటు మా తాతగారి హక్కు కూడా లేచి వెళ్లిపోయేలా ఉంది. చర్చ సాయంత్రం గ్రంథాలయం హాల్లో జరగవలసింది. గత్యంతరం లేక దాన్ని నేను విస్తళ్ల ముందే మొదలుపెట్టాను.

"అయ్యగారూ, మీరు ఇక్కడ నాలుగు మెతుకులు తిన్నారని దేవుడికి ఎలా తెలుస్తుందండీ?"

"ఆయన సర్వాంతర్యామి అండి."

"మా వంటింట్లో కూడా ఉన్నాడా?"

"మీ వంటింట్లో కూడా ఉన్నాడండి."

"ఉంటే, మా ఆవిడ పొద్దుట్నించీ పొయ్యి దగ్గర మాడిపోతోంది కదా, అది చూశాడా, లేదా?"

"భేష్! బాగా అడిగారండి!" అని లెక్చరరు గారు తొడ చరిచారు.

"అధ్యక్షులవారు అప్పుడే అటు చేరిపోయారేంటండీ!" అన్నారు ప్రవచనకారుడు నొచ్చుకుంటూ.

అధ్యక్షుడు ఎటూ చేరకూడదు. అందుకని లెక్చరరు గారి వైపు తిరిగాను. "మీరు ఇక్కడ ఒక బూరె తింటే ఎవరు చూస్తారండీ?"

"మా డాక్టరు గారండి."

"ఆయన ఉండేది రాజమండ్రిలో కదా!"

"ఎక్కడుంటేనేంటండీ? రక్తం చూసి అంతా చెప్పేస్తారు. ఏం తిన్నానో దాచలేను."

ఈసారి ప్రవచనకారుడు ఉప్పొంగిపోయారు. "విన్నారా! ఇక్కడ కనపడడు, అన్నీ తెలుసు, తప్పు చేస్తే శిక్ష వేస్తాడు. ఇలాంటివాడే మావాడూను. మావాడు లేడంటారేంటండీ మరి?"

"మా డాక్టరుకి క్లినిక్కుందండి!"

"మావాడికి గుడి ఉందండి!"

"మా డాక్టరు దగ్గర టోకెన్లిస్తారండి!"

"కొండమీద మావాడి దగ్గరా ఇస్తారండి!"

"ఉప్మా చల్లారిపోద్దండి" అన్నారు వసారాలోంచి బావగారు.

నేను నడుం నిటారుగా పెట్టి మా ఇంటి నియమం చెప్పాను. అతిథి తినేదాకా గృహస్థు మెతుకు ముట్టడు. వాళ్లు తినకపోతే నేనూ తినను. బెదిరింపుగా అనలేదు, ఉన్నమాట చెప్పాను. మా ఆవిడ మాత్రం వంటింటి గుమ్మంలోంచి అందుకుంది.

"ఆయనకి బీపీ బిళ్ల అన్నం తిన్నాకే వెయ్యాలండి. లేదంటే సాయంత్రం సభలో అధ్యక్షులవారు కింద, కుర్చీ ఆయన పైన ఉంటాయి. తర్వాత మీ ఇష్టం."

అతిథులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఒక మనిషి ఆకలితో ఉంటే మీరు నియమం పట్టుకు కూర్చోవడం న్యాయం కాదండి" అన్నారు లెక్చరరు గారు.

"మరి మీరు తినొచ్చు కదండీ?"

"మీరు అన్నం తింటానంటే నేను బూరె తింటానండి."

"మీరు గోవిందా అని అన్నం కలుపుతానంటే నేనూ తింటానండి."

ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎదుటివాణ్ణి ఓడించానని ఎవరికివారు సంబరపడ్డారని నాకు అర్థమైంది. కాని అక్కడ మళ్లీ బండి ఆగిపోయింది.

"ముందు మీరు కానివ్వండి."

"అబ్బెబ్బే, పెద్దవారు, ముందు మీరు."

"ఎంతమాటండీ, మీ తర్వాతే నేను."

గోదావరి మర్యాదకు అంతం లేదు. మా ఆవిడ అన్నం వడ్డించి, రెండు విస్తళ్లలోనూ గరిటెడేసి నెయ్యి ధారగా పోసేసింది. నెయ్యి పడిన విస్తరి ముందు నుంచి లేవడం మా వైపు ఎంత నాస్తికుడికైనా సాధ్యం కాదు.

"గోవిందా" అని లెక్చరరు గారు గొణిగారు.

"వినపడలేదండి."

"గోవిందా!" అని ఆయన ఉక్రోషంగా అరిచారు. బయట కార్లో ఉన్న డ్రైవరు, గోడౌన్లో బస్తాలు దింపుతున్నవాళ్లు, పక్కింటివాళ్లు, అలవాటు చొప్పున "గోవింద!" అని గట్టిగా అందుకున్నారు. ఇంత పెద్ద భజన మా ఇంటి ముందు ఎన్నడూ జరగలేదు.

ఆ తర్వాత ప్రవచనకారుడు కందబచ్చలి మూడు మార్లు వేయించుకుని, ఆవఘాటుకు కళ్లనీళ్లు తుడుచుకున్నారు. లెక్చరరు గారు బూరెకు వేలితో చిల్లు పెట్టి నెయ్యి పోయించుకునే పద్ధతి చూస్తే, షుగరు రాకముందు ఆయన చాలా సాధన చేసిన మనిషని తెలిసింది. కాసేపటికి వసారాలోంచి కారు ఆపేయమన్న కేక వినిపించింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. మొదట ప్రవచనకారుడు లేచారు. "దేవుడు సర్వం చూస్తూనే ఉంటాడు" అని మొదలుపెట్టారు. లెక్చరరు గారు మెల్లగా తల తిప్పి ఆయన్ని చూశారు. "...అని పెద్దలంటారు. చూసినా కొన్ని పట్టించుకోడని నా ఉద్దేశం" అని ముగించి కూర్చున్నారు.

లెక్చరరు గారు లేచారు. "హేతువాది అన్నవాడు మొహమాటానికి గాని, ఒత్తిడికి గాని లొంగి..." అంటుండగా పక్కనుంచి ఒక త్రేనుపు, దాని వెనకే సన్నగా "గోవిందా" వినిపించాయి. "...లొంగకూడదు. కాని పరిస్థితులు కూడా చూడాలనుకోండి" అన్నారాయన.

"ఏంటండీ ఇది, పెళ్లిచూపులా?" అని వెనక బెంచీలోంచి ఒక రైతు లేచాడు. "వరి ఊడ్పులు మానుకుని వచ్చామండి. ఒకాయన ఉన్నాడనండి, ఒకాయన లేడనండి!"

"మా పాస్టరు గారిని పిలిస్తే ఇంతకంటే గట్టిగా మాట్లాడుదురండి" అంది ముందు వరసలోని టీచరమ్మ.

ఉభయుల వాదమూ సంతృప్తికరంగా ముగిసిందని నేను ప్రకటించాను. సంతృప్తి సంగతి నాకు తెలిసినట్టుగా అక్కడ ఇంకెవరికీ తెలియదు.

బావగారు మైకు పట్టుకున్నారు. వక్తలకు, షామియానా వాళ్లకు, కరెంటు వాళ్లకు వందనాలు చెప్పారు. "అతిథులకు భోజన సౌకర్యం..." అని ఆగి, నా వైపు చూశారు. నేను చొక్కా కాలరు సరిచేసుకుని సూటిగా చూశాను. ఆయన మా ఇంటిపేరు చదివారు. "వారు వద్దన్నా వదలకుండా కల్పించిన" అని సొంతంగా ఒక ముక్క కలిపారు. నేను దాన్ని ప్రశంసగానే స్వీకరించి, లేచి సభకు నమస్కరించాను.

సభ అయ్యాక అతిథులిద్దరూ బావగారి కారెక్కారు. కారు రాజమండ్రి రోడ్డు వైపు కాక చెరువుల వైపు తిరిగింది. మా ఆవిడ నా మోచెయ్యి పొడిచి చూపించింది. చూశానని తలాడించి ఇంటిదారి పట్టాను. మొదటి భోజనం వరకే మా హక్కు. రెండోది ఎవరింట్లో తిన్నా మాకు అభ్యంతరం లేదు.