షాలోమి బరువు మారిన వేసవి

షాలోమికి బాక్సింగ్ నేర్పింది ఆమె మేనమామ జోజిబాబు. మిలిటరీలో ఉన్నన్నాళ్ళూ ఆయన తన రెజిమెంటు తరఫున రింగులోకి దిగినవాడు. రిటైరై నూజివీడు వచ్చాక ఊరికే కూర్చోలేక, మామిడి వ్యాపారి వీరరాఘవయ్యగారి షెడ్డును కాయ లేని నెలల్లో వాడుకుంటానని అడిగి తీసుకున్నాడు. గోనెసంచిలో పాతబట్టలు కుక్కి ఇనప దూలానికి వేలాడగట్టాడు. మొదట్లో చాలామంది పిల్లలు వచ్చారు. ముక్కు మీద దెబ్బ తగలగానే ఒక్కొక్కరే మానేశారు. మానకుండా నిలిచింది అక్క కూతురు ఒక్కతే.

అప్పట్లో షాలోమి పుల్లలా ఉండేది. చేతులు మాత్రం పొడుగు. కొట్టి వెనక్కి జరగడం ఆ పిల్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చిందని జోజిబాబు ఇప్పటికీ అంటాడు. డిగ్రీలో చేరిన ఏడాది ఆమె నలభై ఎనిమిది కిలోల విభాగంలో రాష్ట్ర ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది మళ్ళీ గెలిచింది. బస్టాండు దగ్గర ఎవరో ఫ్లెక్సీ కట్టించారు. తండ్రి సవరయ్య మామిడి తోటలకు కాపలా ఉండేవాడు. ఆటోలో అటు వెళ్ళినప్పుడల్లా, ఆ ఫ్లెక్సీ ముందు కాస్త నెమ్మదిగా పోనిమ్మని డ్రైవర్‌ని అడిగేవాడు.

ఇరవై దాటాక షాలోమి ఒళ్ళు మారింది. భుజాలు విచ్చుకున్నాయి, తొడలు గట్టిపడ్డాయి. పోటీ దగ్గరపడేసరికి ప్రతిసారీ బరువు ఎక్కువ తూగేది. అన్నం మానేసేది. అదీ చాలకపోతే నీళ్ళు మానేసేది. ఎండలో రెయిన్‌కోటు వేసుకుని చాట్రాయి రోడ్డు మీద పరుగెత్తేది. తూకం ఎలాగో గట్టెక్కేది గానీ, రింగులోకి దిగాక కాళ్ళల్లో సత్తువ ఉండేది కాదు. ఆ చలికాలం జాతీయ పోటీల్లో రెండో రౌండుకే కళ్ళు బైర్లు కమ్మాయి. తన మీద ఎన్నడూ గెలవని అమ్మాయి చేతిలో ఓడిపోయింది. ఇంటికొచ్చి, జ్వరంతో ఆడానని చెప్పింది.

తల్లి విజయరాణి ఒక బడిలో ఆయాగా పనిచేస్తుంది. రోజంతా పసిపిల్లలను చూసే మనిషి కాబట్టి, ఎవరు తిన్నారో ఎవరు తిన్నట్టు నటిస్తున్నారో ఆమెకు ఇట్టే తెలుస్తుంది. కూతురి దువ్వెనలో జుట్టు ముద్దలుగా వస్తోంది. బీరువాలో నెలసరి ప్యాకెట్లు విప్పకుండా అలాగే ఉన్నాయి. అది చూశాక ఆమె ఇక ఆగలేదు. తిన్నగా షెడ్డుకు వెళ్ళి తమ్ముణ్ణి నిలదీసింది.

"ఒరేయ్ జోజీ, పిల్లకి నెలసరి ఆగిపోయిందిరా. నీ పతకం కోసం దాన్ని ఎండగడుతున్నావా?"

జోజిబాబు ఖాళీ క్రేటు బోర్లించి అక్కను కూర్చోబెట్టాడు.

"ఈ సంగతి నాకు తెలీదక్కా. యాభై ఒక కిలోల విభాగానికి మారమని ఏడాదిగా చెప్తూనే ఉన్నాను. షాలోమే మాట దాటేస్తోంది."

ఇన్నాళ్ళూ తమ్ముడే పట్టుబట్టి కూతుర్ని కడుపు మాడుస్తున్నాడని విజయరాణి అనుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి షాలోమిని కూర్చోబెట్టి అడిగారు. పై విభాగంలో అమ్మాయిలు పొడుగనీ, దెబ్బ బరువుగా ఉంటుందనీ, ఇక్కడ ఛాంపియన్‌గా ఉండి అక్కడ కొత్తదానిగా ఎందుకు మొదలుపెట్టాలనీ ఆమె వాదించింది. మాటలు సబబుగానే ఉన్నాయి. కానీ చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

మామిడి సీజన్ వచ్చింది. షెడ్డు నిండా వరిగడ్డి, కాయలు. జోజిబాబు సంచిని తీసుకెళ్ళి తోటలో చెట్టుకొమ్మకు కట్టాడు. మే నెలలో సెలక్షన్లు. షాలోమి మళ్ళీ అన్నం తగ్గించింది.

ఒక మధ్యాహ్నం సవరయ్య చెట్టున పండిన చిన్నరసాలు తెచ్చి బకెట్ నీళ్ళలో వేశాడు. ఆయన ఇంట్లో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక పండు తీసి, మెత్తగా పిసికి, తొడిమ గిల్లి, సొన పిండేసి, చిన్నప్పుడు ఇచ్చినట్టే కూతురి చేతిలో పెట్టాడు. షాలోమి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తండ్రికి తిరిగి ఇచ్చేసింది.

"తింటే బరువు పెరుగుతాను నాన్నా."

"పెరిగితే ఏమవుద్దమ్మా?"

"సింధూరని కొట్టాలి."

చెప్పేసి ఏడ్చేసింది. సింధూరది చింతలపూడి. మోకాలు దెబ్బతినక ముందు యాభై ఒక కిలోల్లో రాష్ట్ర ఛాంపియన్. పదిహేనేళ్ళప్పుడు ట్రైనింగ్ క్యాంపులో ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. అప్పటినుంచి ఒకరి చేతికి పట్టీ ఇంకొకరే చుడతారు. కిందటి ఏడాది సింధూర మోకాలికి ఆపరేషన్ అయింది. నెలల తరబడి మంచం మీద ఉండి, మళ్ళీ నడక నేర్చుకుని, ఈ మధ్యనే రింగులోకి దిగుతోంది. ఒక్కో విభాగం నుంచి రాష్ట్ర జట్టుకు ఒక్కరినే తీసుకుంటారు. షాలోమి పైకి వెళ్తే ఆ చోటు కోసం సింధూరతోనే తలపడాలి. మామకు చెప్పలేక, తల్లికి చెప్పలేక, ఏడాదిగా షాలోమి మింగుకున్నది ఇదే.

సవరయ్య కండువాతో కూతురి మొహం తుడిచాడు. మర్నాడు పొద్దున్నే బుట్టలో రసాలు సర్దుకుని చింతలపూడి బస్సెక్కాడు. సింధూర తల్లి ప్రమీలారాణి ఆయన్ని ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆయన ముందు కాయ దిగుబడి గురించి మాట్లాడాడు, తర్వాత ఎండల గురించి. చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మా అమ్మాయి కోసం మీ అమ్మాయిని తప్పుకోమనడానికి రాలేదనీ, ఈ సంగతి దాచితే ఇద్దరికీ మంచిది కాదనిపించి వచ్చాననీ అన్నాడు. అంతా వింటున్న సింధూర మోకాలి పట్టీ బిగించుకుని, "పదండి బాబాయ్" అని ఆయనతోపాటే బస్సెక్కింది.

గుమ్మంలో సింధూరను చూడగానే షాలోమికి అర్థమైంది. తండ్రి వైపు చూసింది. ఆయన బుట్ట మూలన పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

"నేను ఓడిపోతానని నీకెవరు చెప్పారే?" అంది సింధూర.

"అది కాదు. నీ మోకాలు..."

"నా మోకాలు నేను చూసుకుంటాను. నువ్వు నాకోసం మాడిపోయి పక్కన నిలబడితే, నేను గెలిచానని ఎవరికి చెప్పుకోను? రేపు నీకేమన్నా అయితే?"

షాలోమి లేచి వెళ్ళి కావలించుకుంది. ఆ మధ్యాహ్నం విజయరాణి వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి వడ్డించింది. షాలోమి రెండోసారి పెట్టించుకుంది. తల్లి మళ్ళీ వడ్డిస్తూ మొహం పక్కకు తిప్పుకుంది.

తల్లి తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరమ్మ కొన్ని నెలలు పోటీలు వద్దంది. జోజిబాబు మే సెలక్షన్లకు షాలోమి పేరు ఇవ్వలేదు. నలభై ఎనిమిదిలో వేరే అమ్మాయి ఛాంపియన్ అయింది. ఆ వార్త పేపర్లో చూసిన రోజు షాలోమి పేపరు మడిచి పక్కన పెట్టి సంచి దగ్గరికి వెళ్ళింది. వానాకాలం గడిచేసరికి నెలసరి మళ్ళీ మొదలైంది. ఆమె గుద్దుకు బరువొచ్చింది. సంచి పట్టుకున్న జోజిబాబు ఒకరోజు రెండడుగులు వెనక్కి పడి, మేనకోడలి వైపు సంతోషంగా చూశాడు.

డిసెంబరులో విశాఖలో రాష్ట్ర పోటీలు. ఫైనల్లో వాళ్ళిద్దరే. మూడో రౌండులో షాలోమి కావాలనే సింధూర మోకాలు నొప్పి ఉన్న వైపుకు తిరిగింది. మనసు ఒప్పుకోలేదు. కానీ తిరక్కపోతే, తను తగ్గి ఆడుతోందని సింధూరకు తెలిసిపోతుంది. సింధూర అది ముందే ఊహించి, ఎడమ చేత్తో గట్టిగా ఒకటి వేసింది. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు సింధూర వైపు చెప్పారు. రిఫరీ సింధూర చెయ్యెత్తగానే ఆమె ఏడ్చేసింది. షాలోమికి ఏడుపు రాలేదు. సింధూర చేతి పట్టీలు విప్పుతూ, జాతీయ పోటీల్లో ఎడమ భుజం దించకుండా ఆడమని జాగ్రత్తలు చెప్పింది.

తిరుగు రైల్లో జోజిబాబు, మళ్ళీ నలభై ఎనిమిదికి దిగాలని ఉందా అని అడిగాడు. లేదు మావయ్యా, వచ్చే ఏడు కూడా ఇందులోనే ఆడతానంది. కన్ను కింద కమిలిన చోట విజయరాణి తడిగుడ్డ అద్దుతోంది.

"నొప్పిగా ఉందా?"

"బాగా ఉంది. ఆకలి కూడా వేస్తోందమ్మా."

విజయరాణి పులిహోర డబ్బా మూత తీసి కూతురి ఒళ్ళో పెట్టింది.