బుధుడికి గుడ్డంటే ఇష్టం

మా భానుమూర్తి మాష్టారికి ఒకటే జబ్బు. మనిషి కనిపిస్తే చాలు, నమస్కారం కంటే ముందు అరచెయ్యి పట్టుకుని తిప్పి చూస్తారు. మొహం సంగతి తర్వాత. మొహం చూడకుండానే వెళ్ళిపోయిన సందర్భాలూ ఉన్నాయి. నర్సీపట్నంలో ఆయన పేరు గుర్తుపెట్టుకోని మనుషులు వేలల్లో ఉంటారు గానీ, ఆయన చూడని అరచెయ్యి మాత్రం నాకు తెలిసి లేదు.

ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన శిష్యుణ్ణి, పైగా పక్కింటివాణ్ణి, పైపెచ్చు నాకు స్కూటరుంది. ఈ మూడు పాపాలూ ఒకే మనిషికి చుట్టుకుంటే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోవాలి. పదేళ్ళుగా ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పుతున్నాను.

ఒకసారి అబీద్ సెంటర్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్ మన్మథరావు మమ్మల్ని ఆపాడు. నాకు హెల్మెట్ లేదు, తప్పు నాదే. నేనేదో నసుగుతుండగా మాష్టారు బండి దిగి, మమ్మల్ని ఆపడానికి చాచిన అతని చేతినే గబుక్కున పట్టుకుని ఎండకేసి తిప్పారు.

“చెయ్యి శుభ్రంగా ఉందయ్యా!” అన్నారు ఎంతో సంతోషంగా.

మన్మథరావు చెయ్యి వెనక్కి దాచేసుకున్నాడు. “ఏటి మాష్టారూ! పొద్దున్నించి నానేటీ ముట్టుకోలేదు! ఎవులు సెప్పేరు మీకు?”

“అది సరే, ఇవాళ ఆకుకూర ఏం తిన్నావు?”

“ఆకుకూరా?”

“మునగాకు తిను. విటమిన్ ఏ ఉంటుంది.”

ఆ కంగారులో చలానా రాయడం మర్చిపోయి మమ్మల్ని పంపేశాడు. మాష్టారి వల్ల నాకు కలిగిన లాభం జీవితంలో అదొక్కటే.

సొంత పెళ్ళిలోనూ ఆయన ఇదే పని చేశారట. వాళ్ళావిడ బాలాంబగారు చెప్తుంటారు. “జీలకర్రా బెల్లం పెట్టగానే ఈయన నా చెయ్యి పట్టుకుంటే, అబ్బో, ఎంత సరసుడో అనుకున్నాను రాఘవా. చెయ్యి తిప్పి చూసి, ‘మీ ఇంట్లో బావా, బోరా?’ అని అడిగారు.”

ఇదంతా వట్టి పిచ్చి కాదు. కుర్రతనంలో మాష్టారు రెండేళ్ళు బెంగాల్‌లో నీళ్ళు పరీక్ష చేసే బృందంలో పనిచేశారు. అక్కడి పల్లెల్లో గొట్టపుబావుల నీళ్ళలో ఆర్సెనిక్ ఉండేది. మనం పాషాణం అంటామే, దాని జాతే. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏళ్ళ తరబడి తాగితే అరచేతుల్లో, అరికాళ్ళలో జొన్నగింజల్లా గట్టి బుడిపెలు లేస్తాయి. ఒంటి మీద చినుకులు పడ్డట్టు మచ్చలొస్తాయి. లోపల ఇంకా ఘోరం, కేన్సర్ దాకా పోతుంది. సరైన తిండి లేని ఒంటిని అది మరింత పీడిస్తుంది. ఒక పల్లెలో తనకి అన్నం వడ్డించిన ఇల్లాలి చేతులు చూసి ఆయన ఆ పూట ముద్ద మింగలేకపోయారు. అప్పట్నుంచీ ఈ అలవాటు.

నలభై ఏళ్ళలో మన పక్క అలాంటి చెయ్యి ఒక్కటీ దొరకలేదు. ఎవరైనా ఐతే విసిగిపోయి మానేస్తారు. ఈయన మాత్రం ప్రతి చెయ్యీ చూసి, “లేవు!” అని పండగ చేసుకుంటారు.

చిక్కల్లా ఏమిటంటే, చెయ్యి పట్టుకుని చూసేవాణ్ణి లోకం ఏమనుకుంటుంది? హస్తసాముద్రికం చెప్తాడనుకుంటుంది. రోడ్డు మీద ముసలమ్మలు ఆపి మరీ చెయ్యి చాపుతారు. “మాష్టారూ, మా బుజ్జిబాబుకి ఉజ్జోగం ఎప్పుడో సెప్పండి బాబూ!” అంటే చాలు, ఈయన శివాలెత్తిపోయేవారు. “నేను కెమిస్ట్రీ వాణ్ణమ్మా! గీతల్లో ఏమీ లేదు! చెయ్యి ముడిస్తే గీతలు పడతాయి, అంతే!” కాలేజీలో ఏటా మొదటి క్లాసు జాతకాల మీదే. ఆయన తిట్టినంత సేపు, ఆవర్తన పట్టిక గోడ మీద దిక్కులేక వేలాడేది. టీవీలో రాశిఫలాలు వస్తే రిమోట్ విసిరికొట్టేవారు. బాలాంబగారు ఆ రిమోట్‌కి కట్టిన రబ్బరు బ్యాండ్లు నేను కళ్ళారా చూశాను.

మొన్నటి ఏడాది ఆదివారం సంతలో అప్పయమ్మ అనే ఆవిడ జీడిపప్పు అమ్ముతోంది. రావికమతం వైపు ఒక పల్లె ఆవిడది. పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళు నా మీదకొస్తారు. పప్పు కొలిచి పోస్తుంటే మాష్టారు అలవాటుగా చెయ్యి తిప్పారు. “లేవు” అన్న మాట కోసం నేను సంచి పట్టుకుని చూస్తున్నాను. ఆ మాట రాలేదు.

“ఇవేమిటమ్మా?” అన్నారు. అరచేతిలోని గట్టి బుడిపెల మీద ఆయన వేలుంది.

“జీడిరసం బాబూ. గింజలు కొడతాం కాదేటి, సేతులు ఇలాగే మాడిపోతాయి.”

నిజమే. మా వైపు జీడి కొట్టే ఆడవాళ్ళందరి చేతులూ నల్లగా, మొరటుగానే ఉంటాయి. ఆవిణ్ణి చూసిన ఆర్‌ఎంపీ డాక్టరూ అదే అన్నాడట. మాష్టారు మాత్రం సంత మధ్యలో చతికిలబడి, “కాళ్ళు చూపించమ్మా” అన్నారు.

అప్పయమ్మ బెదిరిపోయి కాలు చాపింది. అరికాలు నిండా అవే బుడిపెలు.

“జీడిరసం అరికాలికెలా అంటింది?” అని అడిగారు మాష్టారు.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాం. పెరట్లో బోరు. ఆవిడ భర్త ఈశ్వరరావు ఆరేళ్ళ కిందట దగ్గరుండి వేయించాడు. చాలాచోట్ల బండ తగిలినా పట్టు విడవకుండా వేయించి, నీళ్ళు పడ్డ నాడు ఊరందరికీ పులిహోర పెట్టాడు. మరుసటేడే గుండెపోటుతో పోయాడు. బోరు మోటారుకి పసుపు, కుంకుమ ఉన్నాయి. వంటింటి గుమ్మంలో కోడలు బేబి, ఐదో నెల కడుపుతో, ఆ నీళ్ళే చెంబుతో తెచ్చి మాకిచ్చింది. మాష్టారు ఆ చెంబు పుచ్చుకుని సీసాలో వంపుకున్నారు.

విశాఖలో ల్యాబ్‌కి పంపితే వారంలో రిపోర్టు వచ్చింది. ఉండొచ్చన్న హద్దుకి పన్నెండు రెట్లు ఆర్సెనిక్. మాష్టారు ఆ కాయితం పట్టుకుని పరుగెత్తారు. అంటే, నా స్కూటరు పరుగెత్తింది.

“ఈ నీళ్ళు తాగకండమ్మా. కడుపులో బిడ్డకి మరీ ప్రమాదం. పంచాయతీ కుళాయి నీళ్ళు కూడా పరీక్ష చేయించాను, బాగున్నాయి. అవి తెచ్చుకోండి.”

“కొబ్బరినీళ్ళలాగున్న నీళ్ళకి వంక పెడతారేటి బాబూ? కాసుకుని తాగుతాం లెండి.”

“కాస్తే పోదు, చిక్కబడుతుంది!”

కొడుకు రమణబాబు నచ్చజెప్పబోయాడు. అప్పయమ్మ వాడి మీద ఇంతెత్తున లేచింది. “మీ అయ్య ఏసిన బోరులో ఇసం ఉందంటావేట్రా? నోరుముయ్!”

మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ మజ్జిగిచ్చి, మర్యాద చేసి, మాట మాత్రం చెవిన పెట్టలేదు. ఆ మజ్జిగ ఏ నీళ్ళతో కలిపిందోనని మాష్టారు నన్నూ తాగనివ్వలేదు. దాహంతో చచ్చాను. తిరిగొస్తూ వెనక సీట్లో ఆయన ఒకటే లెక్క: “ఐదో నెల వెళ్ళిపోతోంది రాఘవా.”

నాలుగోసారి వెళ్ళాం. అప్పయమ్మ కోడల్ని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టింది.

“మాష్టారూ, మీరు సెయ్యి సూత్తారంట గదా. ఊరంతా అంటన్నారు. మా బేబి సెయ్యి సూసి, బిడ్డ ఎలాగుంటాదో సెప్పండి.”

అయిపోయింది అనుకున్నాను. స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నాను. మాష్టారి మొహం ఎర్రబడింది, మీసం అదిరింది, నోరు తెరిచారు. బేబి పాపం భయంభయంగా చెయ్యి చాపి ఆయన మొహంలోకి చూస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. మెల్లగా ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

“బిడ్డ నిక్షేపంగా ఉంటుంది,” అన్నారు. “కానీ ఇక్కడ, ఈ గీత దగ్గర, ఒక గండం ఉంది.”

నేను గోడ పట్టుకున్నాను.

“ఏటి సెయ్యాలి బాబూ?” అంది అప్పయమ్మ.

“పరిహారం ఉంది. ఇంట్లో ఎవరూ బోరునీళ్ళు తాగకూడదు, వాటితో వండకూడదు. ఒళ్ళు కడుక్కోండి, గిన్నెలు తోముకోండి. బోరు తప్పేమీ లేదు, గ్రహాలు అలా ఉన్నాయి. తూర్పున ఉన్న కుళాయి నీళ్ళే నోట్లోకి వెళ్ళాలి.”

“సరే బాబూ.”

“సోమవారం చంద్రుడికి మునగాకు. మంగళవారం కుజుడికి ఎర్ర గుమ్మడికాయ. బుధవారం గుడ్డు.”

“గుడ్డా?”

“బుధుడికి గుడ్డంటే ఇష్టం,” అన్నారు మాష్టారు, రెప్ప వెయ్యకుండా. “గురువారం తోటకూర. శుక్రవారం బొప్...” అప్పయమ్మ మొహం చూశారు. కడుపుతో ఉన్న పిల్లకి బొప్పాయి అంటే ఆ ఇంట్లోంచి మేము ప్రాణాలతో బయటపడం. “...మామిడిపండు. విటమిన్ మాత్రలు కొనుక్కుని మింగకూడదు, శనికి కోపం వస్తుంది. డాక్టరిస్తేనే వేసుకోవాలి. ఇంకొకటి. అత్తా కోడళ్ళిద్దరూ పెద్దాసుపత్రిలో చూపించుకుని డాక్టరు సంతకం తేవాలి. సంతకం లేని పరిహారం ఫలించదు.”

తిరుగు దారిలో నేను నవ్వు ఆపుకోలేక బండి రెండుసార్లు పక్కన పెట్టాను. మాష్టారు మాత్రం నవ్వలేదు. ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు కూర్చున్నారు.

“నలభై ఏళ్ళు పిల్లలకి ఏం చెప్పాను రాఘవా, ఇవాళ ఏం చేశాను?”

“పోనీ నిజం చెప్పేద్దామా మాష్టారూ?”

“వద్దులే. నా సిద్ధాంతానికి నీళ్ళక్కర్లేదు. ఆ పిల్లకి కావాలి,” అన్నారు.

ఈ వార్త దాగుతుందా? ఎనిమిది ఊళ్ళ జనం మా వీధిలో క్యూ కట్టారు. పెళ్ళి సంబంధాలట, పరీక్షలట, తప్పిపోయిన గేదెట! మాష్టారు రెండు రోజులు పడకగదిలో దాక్కున్నారు. మూడోరోజు బయటికొచ్చి ప్రకటించారు. “చూస్తాను. దక్షిణ తీసుకోను. ఎవరింటి నీళ్ళు వాళ్ళు సీసాలో పట్టుకురావాలి. నీళ్ళు లేనిదే చెయ్యి చూడను.” అంతే, బాలాంబగారి వరండా సీసాలతో నిండిపోయింది. రెండొందల పైచిలుకు సీసాలు పరీక్షకెళ్తే, ఇంకో రెండు బోర్లు చెడ్డవని తేలాయి. వాటికి ఎర్ర రంగు పూయించారు. ఆ బోర్లవాళ్ళకీ గండాలే, ఆ ఇళ్ళలోనూ బుధుడికి గుడ్లే.

బేబికి ఆడపిల్ల పుట్టింది, మూడు కేజీల పావు. నామకరణం నాడు వెళ్ళాం. మాష్టారు లోపల ఉయ్యాల దగ్గరుండగా, అప్పయమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. చేతులు చూపించింది. బుడిపెలు పూర్తిగా పోలేదు గానీ మెత్తబడ్డాయి. డాక్టరు ఆర్నెల్లకోసారి రమ్మన్నాడట, మానకుండా వెళ్తోందట.

“చూశారా, పరిహారం పనిచేసింది,” అన్నాను, మాష్టారి పరువు కాపాడుదామని.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “ఏటి రాఘవబాబూ, నానంత ఎర్రిదాన్నా? బుదుడికి గుడ్డేటి? ఏ పంతులు సెప్పేడు? గీత గీత అన్నారు గానీ ఆ సేతిని సరిగ్గా సూడనేలేదు, పక్కనే కూకున్న నాకు తెల్దేటి?”

మాష్టారు వింటున్నారేమోనని నేను లోపలికి తొంగిచూశాను.

“కాయితం సూసినప్పుడే భయం పట్టుకుంది బాబూ. రేతిరి పడుకుంటే నిద్దరొచ్చేది కాదు. కానీ ఊళ్ళో అందరి ముందూ మా ఆయన ఇసపు బోరేసేడని నా నోటితో ఎలాగ ఒప్పుకుంటాను? ఆ బోరు కోసమే కదా ఆయన పేణం పెట్టేసేడు. అందుకే సెయ్యి సూడమన్నాను. గెహాల మీదకి తోసీడానికి దారి దొరుకుతాదని.” కళ్ళు తుడుచుకుని నవ్వింది. “పాపం అంత సదువుకున్నాయన, మీసాలు అదిరిపోతన్నా నా కోడలి కోసం అబద్దం ఆడేడు. నాకు తెలిసిపోయిందని మాత్రం ఆయనతో అనకండి. సిన్నబుచ్చుకుంటాడు.”