కాలుతియ్యమ్మ ఆరు నిమిషాలు

ఎక్స్‌రే యంత్రం ముందు ఇరవై ఏడేళ్లు నిలబడ్డ మనిషికి నడుం నొప్పి రాకపోతేనే వింత. పైగా ఒంటిమీద కిరణాలు తగలకుండా సీసపు కోటు. దాన్ని మోసీ మోసీ ఆ టెక్నీషియను ఇంట్లో నీళ్ల బకెట్టు ఎత్తడం మానేసింది. ఆస్పత్రిలో ఆవిడ్ని అందరూ కాలుతియ్యమ్మ అంటారు. గొట్టాలు పంపి వైద్యం చేసేటప్పుడు డాక్టరు యంత్రం పెడల్ మీద కాలుంచినంతసేపూ కిరణాలు రోగి ఒంట్లోకి పోతూనే ఉంటాయి. మాటల్లో పడితే ఆయనకు కాలి సంగతి గుర్తుండదు. "కాలు తియ్యండి సార్!" అని ఈవిడ కసురుతుంది. ఇంట్లో మొగుడు టీపాయ్ మీద కాళ్లు పెట్టినా ఇదే మాట అంటుందని నర్సుల ఎగతాళి. అంటుంది కూడా.

ఆరోజు పొద్దుట్నుంచీ వరసగా మూడు గుండె కేసులు. టీ చుక్క గొంతులో పడలేదు. నాలుగోది గర్భసంచిలో గడ్డ ఉన్న దర్జీ. ముప్పై నాలుగేళ్లది, నెలనెలా రక్తం పోయి పోయి పాలిపోయింది. రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం అందకుండా చేస్తారు. బల్లమీద పడుకుని ఆమె టెక్నీషియను చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకింకా పిల్లల్లేరు. ఈ కిరణాలు సరిగ్గా అక్కడే కదా తగిలేది?"

"వీలైనంత తక్కువే తగలనిస్తాం. అది నేను చూసుకుంటాను."

పని మొదలైంది. డాక్టరు మాంచి హుషారుగా ఉన్నాడు.

"ఇవాళ తెరమీద బొమ్మ ఎంత బాగుందండీ! సినిమాలా సాఫీగా కదులుతోంది."

ఆ మెప్పుకి ఆవిడ ప్రాణం పోయినంత పనైంది. గుండె ఆగకుండా కొట్టుకుంటుంది కనక దానికి సెకనుకు పదిహేను బొమ్మలు కావాలి. కదలని గడ్డకు నాలుగు చాలు; బొమ్మలు ఎక్కువయ్యేకొద్దీ తగిలే కిరణాలూ ఎక్కువే. నాలుగైతే తెరమీద బొమ్మ గెంతుతూ ఉండాలి. గుండె కేసులయ్యాక ఆ సెట్టింగు మార్చడం ఆవిడ పనే. మార్చలేదు. మీటర్ చూస్తే అప్పటికే కిరణాలు పోయింది మొత్తం ఆరు నిమిషాలు.

"కాలు తియ్యండి సార్!"

"ఇప్పుడేగా పెట్టింది?"

"తప్పు నాది. గుండె సెట్టింగే ఉండిపోయింది."

బొమ్మల్ని నాలుగుకి దించింది. బల్లను కిందున్న కిరణాల ట్యూబుకి ఇంకాస్త దూరంగా ఎత్తింది. గడ్డ చుట్టూ అక్కర్లేని చోటంతా కిరణాలు పడకుండా మూసేసింది. ఆ తర్వాత డాక్టరు కాలు అర సెకను ఎక్కువున్నా ఊరుకోలేదు.

అంతా అయ్యాక ఆయన మొత్తం డోసు చూశాడు.

"హద్దుకి చాలా కిందే ఉంది. చెప్పకుండా వదిలెయ్యండి. పాపం ఆ పేషెంటుని బెదరగొట్టడం దేనికి?"

వదిలెయ్యాలనే ఉంది ఆవిడకి. కాళ్లు పీకేస్తున్నాయి. ఇంటికెళ్లి మంచమెక్కితే చాలు. అయినా రిజిస్టర్లో ఉన్నదున్నట్టు రాసి, కాళ్లీడ్చుకుంటూ వార్డుకు నడిచింది. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది.

దర్జీ అంతా విని ఆవిడ వైపు తల తిప్పింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు. హద్దు దాటలేదు, అది మాత్రం నిజం. అయినా నీకు అక్కర్లేనిది కొంత తగిలింది."

"మరెందుకు చెప్పారు?"

"రేపు పొద్దున ఇంకొకళ్లతో 'నేను చూసుకుంటాను' అనాలి కదమ్మా."

దర్జీ కళ్లు తుడుచుకుంది. మెల్లగా పక్కకి జరిగి, మంచం అంచున చోటిచ్చింది.

"కూర్చోండక్కా. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నారు."