అత్త దగ్గర నేర్చుకోని సైగలు

మొన్న మా మనుమరాలు సెల్లు ముందు పెట్టుకొని చేతులు తిప్పుతుంటే, పనీపాటా లేక కూర్చున్నదని కసిరాను. తన బ్యాంకులో కొత్తగా చేరిన అమ్మాయికి చెవులు వినిపించవట, ఆమెతో మాట్లాడటానికి సైగల భాష నేర్చుకుంటున్నదట. ఏమీ రానివాళ్లకు మొదటినుంచి చెప్పే పాఠాలు అందులో వరుసగా ఉన్నాయట, పైసా ఖర్చు లేదట. ఖర్చు లేదన్నాక నేనూ కాసేపు చూశాను. చూస్తుండగానే నా చెయ్యి లేచి "నీళ్లు" అని చూపించింది. "నీకెట్లొచ్చే అవ్వా?" అని అది నోరు తెరిచింది. దానికి చెప్పలేదు. నా ఈడువాళ్లు గనుక మీకు చెబుతున్నాను.

అరవైల మొదట్లో, చౌటుప్పల్ దగ్గరి ఒక నేతవాళ్ల ఇంటికి కోడలినై వెళ్లాను. ఇంట్లో మా అత్త, మా ఆయన, పుట్టు చెవుడుతో మాట రాని ఆడబిడ్డ. రాట్నం ముందు కూర్చుంటే ఆ పిల్లలాగా నూలు కండెలు చుట్టేవాళ్లు వాడకట్టులో లేరు. తల్లీబిడ్డలు చేతులతోనే గంటల తరబడి ముచ్చట పెట్టుకొని నవ్వుకునేవారు. ఆ నవ్వు నా మీదేనని నా అనుమానం. మూడో తరగతితో బడి మానినదాన్ని గనుక, లోకంలో ఉన్నదంతా ఏదో ఒక పుస్తకంలో ఉంటుందని నమ్మేదాన్ని. నూలు కోసం నల్లగొండ పోయే మా ఆయనను అక్కడి పుస్తకాల దుకాణంలో అడగమన్నాను. "చేతులతోని మాట్లాడెటందుకు బుక్కేందయ్యా, నీ పెండ్లాం నిన్ను మంచిగ ఆడిస్తున్నది" అని దుకాణదారు నవ్వాడట. ఊరి బడి పంతులు, పట్నంలో ఇలాంటి పిల్లలకు బడి ఉందని విన్నానన్నాడు గాని, పుస్తకం సంగతి ఆయనకూ తెలియదు. ఇక నాకు నేర్పగలిగింది మా అత్త ఒక్కతే, ఆమె అప్పటికే దగ్గుతో సగమైపోయింది.

ఆమె గోడకు ఆనుకొని పిలిచేది: "పిల్లా, జర కూసో. నేను పోతే దీని మాట ఎవలకు సమజైతది?" నేను కూర్చునేదాన్ని, కానీ నాకు పనికొచ్చేవే అడిగేదాన్ని. కండె చుట్టు, నీళ్లు తే, పొయ్యి అంటించు, ఇటు రా, ఆపు. ఇరవై దాకా నేర్చుకున్నాను. "అన్నీ పని చెప్పేటియే నేర్సినవు. అది చెప్పేది ఇనేటియి ఎప్పుడు నేర్సుకుంటవే?" అని అత్త అడిగితే, పెండ్లిళ్ల చీరెలు మగ్గం మీంచి దిగనీయమన్నాను. ఆ చీరెలు దిగకముందే అత్త పోయింది. మా ఆయనకు తిండి సైగలు తప్ప రావు. తల్లి ఉండగా ఆయనకు అవసరం పడలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. కాళ్లు కిందికి దించి నేసే మగ్గం గుంతలో మా ఆయన, ఆయన వెనుక మట్టిగోడ, ఆ గోడకే వీపు ఆనించి రాట్నంతో ఆడబిడ్డ. ఒకనాడు ఆ పిల్ల రాట్నం ఆపి, గోడకు అరచెయ్యి ఆనించి, చెంప ఆనించి, నా వైపు తిరిగి రెండు చేతులతో ఏదో చెప్పింది. గోడ చూశాను. ఎర్రమన్ను పూత చెదరలేదు, ఎక్కడా పగులు లేదు. అది అత్త ఆనుకొని కూర్చున్న చోటు, తల్లి యాదికొస్తున్నదేమో అనుకున్నాను. మర్నాడూ అదే సైగ, ఇంకా తొందరగా. మూడోనాడు నా కొంగు పట్టి గుంజింది. పని ఎగ్గొడుతున్నదని నాకు కోపమొచ్చి, గాలిలో ఉన్న ఆ రెండు చేతుల మీద ఒక్కటి వేసి, వాటిని తీసుకెళ్లి రాట్నం మీద పెట్టాను. "ఆపు", "చుట్టు" అన్న రెండు సైగలే చేశాను. అవి బాగా వచ్చు కదా.

ఆ మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర ఉండగా రాట్నం పడిన చప్పుడు, వెంటనే "ఏం పిచ్చి లేసిందే నీకు, ఇడువు!" అని మా ఆయన కేక. తొంగి చూస్తే ఆయనను జుట్టు పట్టి గుంతలోంచి పైకి ఈడుస్తున్నది ఆ పిల్ల. ఆయన మోకాళ్లు గట్టు ఎక్కాయో లేదో, ముసురుకు లోలోపల నానిన గోడ పెద్దగా చప్పుడు కూడా లేకుండా కూర్చున్నట్టు దిగిపోయింది. మగ్గం కనిపించలేదు. ఆయనకు దెబ్బ తగల్లేదు. ఆ పిల్ల కుడిచెయ్యి మాత్రం మగ్గం దూలం కింద ఉండిపోయింది.

దవాఖానలో కట్టు కట్టారు గాని ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

ఆ తరువాత ఎంత పని ఉన్నా రోజూ మధ్యాహ్నం ఆమె ఎదుట కూర్చున్నాను. మొదట్లో చాలా నెలలు ఆమె నాకు ఏమీ చెప్పలేదు. పని చెబితే చేసేది, అంతే. తరువాత తరువాత ఎడమచేత్తో చెప్పడం మొదలుపెట్టింది, నేను నేర్చుకున్నాను. రెండు చేతులు కావలసిన మాట వచ్చినప్పుడు ఎడమచెయ్యి లేచి, కుడిచెయ్యి లేవక, మాట సగంలో ఆగేది. అప్పుడు ఆమె తల తిప్పుకునేది. అలాంటివి ఎన్ని ఉన్నాయో, అత్తకు తెలుసు, ఆమెకు తెలుసు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఆ వాడకట్టులో ఇప్పుడు సిమెంటు గోడలు, చాలా ఇళ్లలో మగ్గం గుంతలు పూడ్చి బండలు పరిచారు. మంచిదే. ఈ కాలం వాళ్లు ఎదుటివాళ్ల మాట వినడానికే ముందు నేర్చుకుంటున్నారు, అదీ మంచిదే. నాది తప్పని ఆడబిడ్డతో చెప్పడానికి సైగ ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట నోటితో కూడా ఎవరికీ అననిదాన్ని గనుక, దాని సైగ అత్తను అడగాలని అప్పుడు తోచనే లేదు.